చిన్న పెట్రోలు ఇంజను మొండికేయకుండా ఉండాలంటే

నాలుగు నెలలుగా మూలన ఉన్న ఇంజన్ని బయటికి తెచ్చి, దుమ్ము తుడిచి, తాడు పట్టుకుంటారు. పదిసార్లు లాగుతారు, ఇరవైసార్లు లాగుతారు. భుజం పట్టేస్తుంది, చొక్కా తడిసిపోతుంది, ఇంజను మాత్రం రెండుసార్లు దగ్గి ఊరుకుంటుంది. అప్పుడు ఎవరైనా అనే మాట ఒకటే: "పక్కన పెట్టినప్పుడు బాగానే ఉందే!" నిజమే, అప్పుడు బాగానే ఉంది. పాడైంది పక్కన పెట్టాకే.

జనరేటరు, నీటి పంపు, గడ్డి కోసే మెషిను, మందు కొట్టే స్ప్రేయరు, కలుపు తీసే వీడరు... వీటన్నిటిలో ఉండేది దాదాపు ఒకే రకం ఇంజను: ఒకే సిలిండరు, గాలితోనే చల్లబడేది. ఇవి పని చేసి అరిగిపోవడం తక్కువ, ఊరికే కూర్చుని చెడిపోవడం ఎక్కువ. అందుకే కింద చెప్పబోయేదాంట్లో సగం పెట్రోలు గురించే ఉంటుంది. మిగతాది గాలి, ఆయిలు, ఒక ప్లగ్గు. దీనికి మెకానిక్కు అక్కర్లేదు. ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, చిన్న పానాల సెట్టు, పాత టూత్‌బ్రష్షు, గరాటు, నాలుగు గుడ్డముక్కలు ఉంటే పని జరిగిపోతుంది.

మొదలుపెట్టే ముందు

ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. స్పార్క్ ప్లగ్గు మీది రబ్బరు క్యాపు లాగి పక్కకు పెట్టండి. స్విచ్చి ఆఫ్‌లో ఉంది కదా అని ఈ పని మానొద్దు. గడ్డి మెషిను బ్లేడుని చేత్తో తిప్పితే ఇంజను కూడా తిరుగుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. పని ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఏవీ ఉండకూడదు. ఇంకొకటి: షెడ్డులో గానీ గదిలో గానీ ఇంజను నడపకండి, తలుపులు తీసి ఉంచినా సరే. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. ప్రమాదం తెలిసేసరికి లేచి బయటికి నడిచే ఓపిక కూడా ఉండకపోవచ్చు.

మీది ఏ రకమో చూసుకోండి. పెట్రోలు ట్యాంకు మూత కాకుండా, కింద ఆయిలు పోయడానికి వేరే మూత ఉంటే అది ఫోర్ స్ట్రోక్. అలాంటిదేమీ లేకపోతే టూ స్ట్రోక్. దానికి ఆయిలుని పెట్రోల్లోనే కలిపి పోయాలి. ఈ తేడా తెలియక టూ స్ట్రోక్ ఇంజన్లో ఉత్త పెట్రోలు పోస్తే, కాసేపటికే పిస్టను బిగుసుకుపోతుంది. ఆ తర్వాత చేయగలిగేదేమీ పెద్దగా ఉండదు.

పెట్రోలు

పెట్రోలు ఒకే పదార్థం కాదు, చాలా రకాల ద్రవాల మిశ్రమం. అందులో తేలికవి ముందు ఆవిరైపోతాయి. చల్లటి ఇంజను అంటుకోవాలంటే కావలసింది సరిగ్గా అవే. మిగిలిన బరువైన భాగం గాలి తగిలి మెల్లగా మారి జిగురు కడుతుంది. ట్యాంకులో లీటర్ల కొద్దీ ఉంటుంది కాబట్టి అక్కడ ఇది నెమ్మది. కార్బురేటరు (పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి అందించే భాగం) కింది గిన్నెలో ఉండేది కొద్ది చెంచాలు, దానికి బయటి గాలి అందే రంధ్రం ఉంటుంది. ముందు పాడయ్యేది అదే. పైగా ఇంజను తాగేది ఆ గిన్నెలోంచే.

పాతబడిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక గాజు సీసాలో కాస్త పోసి వెలుతురుకి పట్టండి. తాజా పెట్రోలు తేటగా ఉంటుంది, వాసన ముక్కుకి చురుక్కుమంటుంది. పాతది టీ డికాక్షను రంగులోకి తిరుగుతుంది, వార్నిషు లాంటి పుల్లటి కంపు కొడుతుంది. అడుగున విడిగా ఒక పొర తేలితే అది నీళ్లు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చుకోగలిగినంత పీల్చుకున్నాక ఇథనాలు, నీళ్లు కలిసి అడుగుకి దిగిపోతాయి, ఇంజనుకి ముందు అందేది ఆ అడుగుదే. చాలా చిన్న ఇంజన్లను 10 శాతం ఇథనాల్ వరకే తట్టుకునేలా చేశారు. మీ ఇంజను ఎంతవరకు తట్టుకుంటుందో దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

ఆచరణలో చేయాల్సింది ఇంతే. నెలకు సరిపడా పెట్రోలే తెచ్చుకోండి. మూత బిగుతుగా పడే, పెట్రోలు కోసమే తయారైన డబ్బాలో ఉంచండి, దాని మీద తెచ్చిన తేదీ రాయండి. పోసేటప్పుడు గరాటులో సన్నటి జల్లెడ ఉండాలి. నెల దాటి వాడే పని లేదనుకుంటే ఫ్యూయల్ స్టెబిలైజరు (పెట్రోలు తొందరగా పాతబడకుండా కాపాడే మందు) కలపండి. అయితే అది తాజా పెట్రోల్లో కలిపితేనే ఫలితం. చెడిపోయినదాన్ని మళ్లీ బాగు చేసే మందు కాదది. కలిపాక ఇంజన్ని పది నిమిషాలు నడపండి, అప్పుడే అది కార్బురేటరు దాకా చేరుతుంది. ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోస్తే ఇంజను బలంగా లాగుతుందన్నది భ్రమ. ఈ ఇంజన్లకు మామూలుది చాలు, తాజాగా ఉండటమే ముఖ్యం.

టూ స్ట్రోక్ వాళ్లకు లెక్క: 50:1 అని రాసి ఉంటే లీటరు పెట్రోలుకి 20 మి.లీ. ఆయిలు. 40:1 అయితే 25, 25:1 అయితే 40. కొలత గ్లాసుతో కొలవండి, కంటి అంచనా వద్దు. టూ స్ట్రోక్ కోసమే చేసిన ఆయిలే వాడండి, వేరే డబ్బాలో కలిపి బాగా ఊపి ట్యాంకులో పోయండి. "కొంచెం ఎక్కువ వేస్తే ఇంజనుకి మంచిదే కదా" అని కొందరు అంటారు. మంచిది కాదు. ప్లగ్గు తడిసిపోతుంది, సైలెన్సర్లో మసి పేరుకుంటుంది, ఆయిలు పెరిగినంత మేర పెట్రోలు వాటా తగ్గి ఇంజను వేడెక్కుతుంది కూడా.

ఆయిలు

ఫోర్ స్ట్రోక్ చిన్న ఇంజన్లు చాలావాటిలో ఆయిలు పంపూ ఉండదు, ఆయిలు ఫిల్టరూ ఉండదు. కనెక్టింగ్ రాడ్డు కింద చిన్న గరిటెలాంటి ముక్క ఆయిల్లో మునుగుతూ లేస్తూ చుట్టూ చిమ్ముతుంది, అంతే. లోపలి భాగాలన్నిటికీ దక్కేది ఆ చిమ్మిన తుంపర్లే. మట్టం తగ్గితే గరిటెకి అందేది ఉండదు.

అందుకే ప్రతిసారీ నడిపే ముందు చూడండి. ఇంజన్ని సమతలం మీద పెట్టి, ఆయిలు మూతకుండే కొలత పుల్ల బయటికి తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. చాలా ఇంజన్లలో పుల్లను మరలు బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నిట్లో బిగించి చూడాలి. పుస్తకంలో ఎలా ఉంటే అలా. తప్పుగా చూస్తే ఎక్కువ పోసేస్తారు. ఎక్కువైతే తెల్లటి, నీలం కలిసిన పొగ వస్తుంది, ఆయిలు ఎయిర్ ఫిల్టరులోకి కూడా ఎక్కుతుంది.

కొత్త ఇంజనుకి మొదటి ఆయిలు తొందరగా మార్చాలి. కంపెనీని బట్టి 5 గంటల నుంచి 20 గంటల లోపు. కొత్త భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని రాలే సన్నటి ఇనప రజను అందులోనే ఉంటుంది, వడకట్టే ఫిల్టరు లేదు కదా. ఆ తర్వాత 50 నుంచి 100 గంటలకోసారి, లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అది. మార్చే ముందు అయిదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిలు పల్చగా కారుతుంది, మడ్డిని కూడా వెంట తెస్తుంది. 160 నుంచి 200 సీసీ ఇంజనుకి పట్టేది సుమారు 0.6 లీటరు. 10డబ్ల్యూ-30 రకం ఆయిలు చాలావాటికి సరిపోతుంది. నల్లబడినంత మాత్రాన కంగారు పడొద్దు, పని చేసిన ఆయిలు నల్లబడుతుంది. పాలు కలిపినట్టు ఉంటే మాత్రం నీళ్లు చేరాయి. పెట్రోలు వాసన వేస్తే కార్బురేటర్లో పెట్రోలుని ఆపే ఫ్లోటు సూది సరిగా మూసుకోవడం లేదు, పెట్రోలు లోపలికి కారుతోంది. ముందు అది బాగు చేసి, తర్వాత ఆయిలు మార్చండి. తీసిన పాత ఆయిలుని మట్టిలోనో కాలువలోనో పారబోయకండి, డబ్బాలో పట్టి పాత ఆయిలు తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. కొన్ని ఇంజన్లకు ఆయిలు తక్కువైతే స్పార్కు ఆపేసే సెన్సరు ఉంటుంది. ఇంజను కాస్త వాలుగా ఉన్నా అది స్పార్కు ఆపేస్తుంది. ప్లగ్గు మార్చి, కాయిలు మార్చి విసిగిపోయాక తేలేది ఏమిటంటే, ఇంజను కింద ఒకవైపు ఇటుకముక్క ఉంది!

ఎయిర్ ఫిల్టరు

దుమ్ములో పని చేస్తే రోజూ మూత తీసి చూడండి. మామూలుగా అయితే 25 గంటలకోసారి శుభ్రం చేస్తే చాలు. ఇది రెండు రకాలు, రెండిటికీ పద్ధతి వేరు.

స్పాంజి రకాన్ని గోరువెచ్చటి సబ్బునీళ్లలో పిసికి కడగండి. బట్టలా మెలిపెట్టి పిండితే చిరుగుతుంది, రెండు అరచేతుల మధ్య నొక్కండి. నీడలో పూర్తిగా ఆరాక, శుభ్రమైన ఇంజనాయిలు కొద్దిగా వేసి అంతా పట్టేలా నొక్కి, ఎక్కువైనదాన్ని గుడ్డలో పెట్టి పిండేయండి. వేలితో తాకితే జిడ్డు తగలాలి, బొట్టు కారకూడదు. దుమ్మును పట్టుకునేది ఆ జిడ్డే.

కాగితం రకానికి నీళ్లూ వద్దు, ఆయిలూ వద్దు. నేల మీద మెల్లగా తట్టి దుమ్ము రాల్చి, లోపల టార్చి పెట్టి చూడండి. వెలుతురు కనిపించకపోతే కొత్తది వేయాల్సిందే. నేను మొదట్లో స్పాంజికి వేసినట్టే కాగితం ఫిల్టరుకీ ఆయిలు పట్టించాను, బాగా పని చేస్తుందనుకుని. నల్లపొగ, బలం లేదు, గంటకే ప్లగ్గు మసి బారింది. రెండు రోజులు కార్బురేటరు విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను. మూడో రోజు ఫిల్టరు పక్కన పెట్టి ఒక్క నిమిషం నడిపితే హాయిగా తిరిగింది. అలా పరీక్షకి ఒక్క నిమిషం తప్ప, ఫిల్టరు లేకుండా ఇంజను నడపొద్దు. లోపలికి పోయే మట్టి సిలిండరు గోడల్ని గరుకు కాగితంలా గీకేస్తుంది.

ప్లగ్గు చెప్పే కబుర్లు

ప్లగ్గు విప్పే ముందు చుట్టూ బ్రష్షుతో శుభ్రం చేయండి, లేకపోతే ఆ మట్టి తిన్నగా సిలిండర్లో పడుతుంది. విప్పాక కొన వైపు చూడండి. లేత గోధుమరంగు, బూడిదరంగు అయితే ఇంజను ఆరోగ్యంగా ఉంది. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా గాలి తక్కువవుతోంది. ముందు ఫిల్టరు, చోకు (చల్లటి ఇంజను అంటుకునేందుకు గాలి తగ్గించే మీట) చూడండి. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిలు పైకి వస్తోంది. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు చాలక ఇంజను కాలిపోతోంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ప్లగ్గు రెండు కొనల మధ్య గ్యాపు చాలా ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు 0.7 నుంచి 0.8 మి.మీ. ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నటి రేకులు) కొలిచి, వంగిన పక్క కొమ్మును మాత్రమే సర్దండి, మధ్య కొనను ముట్టుకోవద్దు. తిరిగి పెట్టేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి. పానాతో మొదలుపెడితే మరలు అడ్డంగా కోసుకుపోతాయి, అల్యూమినియం హెడ్డు కదా. చేత్తో ఆగిపోయాక, కొత్త ప్లగ్గు అయితే పానాతో అర చుట్టు, పాతది అయితే పావు చుట్టు లోపే. అంతకు మించి బలం చూపించొద్దు.

ఇదే ఊపులో పైన ఉన్న రెక్కల సంగతి కూడా చూడండి. గాలితో చల్లబడే ఇంజనుకి సిలిండరు మీది ఆ సన్నటి రెక్కలే రేడియేటరు. ఫ్యాను కవరు విప్పితే లోపల ఎండుగడ్డి, జిడ్డు మట్టి, అప్పుడప్పుడు ఎలుక గూడు కూడా దొరుకుతాయి. పుల్లతోనో బ్రష్షుతోనో ఊడ్చేయండి. పైపుతో నీళ్లు కొట్టొద్దు.

కార్బురేటరు

ఇంజను ఒక లయలో తిరగకుండా "ఊఁ... ఊఁ..." అని ఎగసి తగ్గుతూ ఉంటే, చోకును సగం మూసి చూడండి. అప్పుడు నిలకడగా తిరిగితే పెట్రోలు సరిగా అందడం లేదన్నమాట. దాదాపు ఎప్పుడూ జెట్టు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రమున్న ముక్క) మూసుకుపోవడమే కారణం. చోకు మూస్తే ఇంకా పాడైతే గొడవ వేరేచోట ఉంది, మళ్లీ ఫిల్టరు దగ్గరికి వెళ్లండి.

జెట్టు శుభ్రం చేయడానికి కార్బురేటరు మొత్తం విప్పాల్సిన పని లేదు.

1. పెట్రోలు కాకు (ట్యాంకు నుంచి పెట్రోలు వదిలే కుళాయి) మూయండి. కింద ఒక గిన్నె పెట్టండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

2. కార్బురేటరు కింద మధ్యలో ఉన్న బోల్టు విప్పితే అడుగు గిన్నె ఊడి చేతికొస్తుంది. చుట్టూ ఉన్న రబ్బరు రింగు జాగ్రత్త. గిన్నె అడుగున పచ్చగా పాచిలాంటి పొర, తెల్లటి పొడి, తుప్పు రేణువులు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

3. మధ్య గొట్టంలో ఇత్తడి జెట్టు ఉంటుంది. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరుతోనే విప్పండి. ఇత్తడి మెత్తన, గాడి చెడితే మళ్లీ ఊడదు. వెలుతురుకి పట్టి చూడండి. మిల్లీమీటరు కూడా లేని ఆ రంధ్రంలోంచి గుండ్రటి వెలుగుచుక్క కనిపించాలి. అర్ధచంద్రంలా కనిపించినా సగం మూసుకున్నట్టే.

4. కార్బురేటర్ క్లీనరు కొట్టి కాసేపు నాననివ్వండి. మూసుకున్నది వదలకపోతే కరెంటు తీగలోంచి ఒక్క రాగి పోగు తీసి పొడవండి. సూది, గిటారు తీగ, స్టీలు పిన్ను వద్దు. రంధ్రం కొంచెం పెద్దదైనా ఆ జెట్టు ఇక పనికిరాదు.

5. ఫ్లోటుని (గిన్నెలో పెట్రోలు మీద తేలే బుడ్డి) వేలితో పైకి ఎత్తి వదలండి. తేలిగ్గా ఆడాలి, లోపల ద్రవం చప్పుడు కాకూడదు. అన్నీ తిరిగి బిగించి, కాకు తెరిచి, రెండు నిమిషాలు చెమ్మ ఎక్కడైనా కారుతోందేమో చూడండి.

ఆ పక్కనే స్ప్రింగులతో ఒక మీట కనిపిస్తుంది. అది గవర్నరు, వేగం హద్దు దాటకుండా చూసేది. దాన్ని వంచి, స్ప్రింగు సాగదీసి "బలం పెంచడం" అనే ప్రయోగం చేయకండి. చాలా చిన్న జనరేటర్లలో నిమిషానికి 3000 చుట్లయితే 50 హెర్ట్జ్, 3600 అయితే 60 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. ఆ వేగం మారితే కరెంటు మారుతుంది, దానికి తగిలించిన వస్తువులు దెబ్బతింటాయి.

పావుగంట నడిచి ఆగిపోయి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ అయ్యే జబ్బు వేరు. అది వచ్చినప్పుడు ట్యాంకు మూత వదులు చేయండి. "సుయ్" మని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. లోపల ఖాళీ ఏర్పడి పెట్రోలు కిందికి దిగడం లేదు. మూతను కడిగి రంధ్రం తెరిస్తే వైద్యం అయిపోయింది. రోజురోజుకీ బలం తగ్గుతూ పోతుంటే సైలెన్సరు చివర ఉండే సన్నటి జాలీని కూడా చూడండి. మసి పట్టి మూసుకుంటే పొగ బయటికి పోదు, తీసి వైరు బ్రష్షుతో రుద్దండి.

పక్కన పెట్టేటప్పుడు

ఆపే ముందు ఇంజను మీది పని భారం తీసేసి ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపడం రోజూ చేయాల్సిన అలవాటు. నెల రోజులకు పైగా ముట్టుకోమనుకుంటే మాత్రం కాకు మూసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపండి. అయినా గిన్నె అడుగున కొంత మిగులుతుంది. చల్లారాక గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి అదీ దింపేయండి. చెప్పినవాటిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

ట్యాంకు సంగతి: రెండు మూడు నెలలైతే స్టెబిలైజరు కలిపి నిండుగా ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. సగం ఖాళీగా ఉన్న ఇనప ట్యాంకులో గాలిలోని తేమ చెమర్చి తుప్పు పడుతుంది. అంతకు మించి అయితే పూర్తిగా దింపేయండి. తర్వాత ప్లగ్గు విప్పి ఒక చెంచా ఇంజనాయిలు సిలిండర్లో పోసి, రెండు మూడు సార్లు తాడు నెమ్మదిగా లాగి, ప్లగ్గు బిగించండి. చివరిగా మళ్లీ నెమ్మదిగా లాగుతూ, చేతికి గట్టిగా తగిలిన చోట ఆపండి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. ఇంజన్ని ఎప్పుడైనా వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండాలి, లేదంటే ఆయిలు ఫిల్టరులోకి పోతుంది.

మళ్లీ బయటికి తీసిన రోజు తాజా పెట్రోలు పోసి, ఆయిలు మట్టం చూసి, కాకు తెరిచి ఒక నిమిషం ఆగండి, గిన్నె నిండాలి కదా. చోకు మూసి లాగండి. మొదట కాస్త తెల్లపొగ వస్తుంది, సిలిండర్లో పోసిన ఆయిలు కాలుతోంది, భయపడొద్దు. అయిదారు సార్లకి కూడా అంటుకోకపోతే ఇంకా లాగుతూ కూర్చోకుండా, ముందు ఇంజను స్విచ్చి ఆన్‌లో ఉందేమో చూడండి. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఏడాదికి ఒకసారైనా ఆ స్విచ్చి మర్చిపోయి చొక్కా తడుపుకుంటాను.